గుడికి రంగు వేయించే ముందు ఒక్క మాట: ఊరి పెద్దలకు బహిరంగ లేఖ

ఊరి గుడి కమిటీల పెద్దలకు, సర్పంచ్‌లకు, ఊళ్లో గుడి బాగు చేస్తున్నామంటే హైదరాబాద్ నుంచీ డల్లాస్ నుంచీ వెంటనే డబ్బు పంపే అన్నలకూ అక్కలకూ నమస్కారం.

ముందే చెప్తున్నాను, మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. కప్పు కారుతున్న మండపాన్ని, రావిమొక్క మొలిచి పగిలిన ప్రహరీని, దీపం పెట్టే దిక్కులేని గర్భగుడిని చూసి ఊరుకోలేక, సొంత పనులు మానుకుని ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి బాగు చేయిస్తున్నది మీరే. ఏ శాఖ వచ్చినా రాకపోయినా ఆ గుడికి మీరే దిక్కు. అందుకే ఈ మాట ఏ అధికారికో రాయకుండా మీకే రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. పాత గుడిమీద గానీ, చావిడి మీద గానీ, కోనేటి మెట్లమీద గానీ చెయ్యి వేసే ముందు అక్కడి రాళ్లమీద రాతలున్నాయేమో చూడండి. ఉంటే నకలు తీయించి చదివించండి. ఆ తర్వాతే మేస్త్రీని పిలవండి.

మా ఊరి శివాలయంలో ఈ పని జరగలేదు. మండపంలో దక్షిణం వైపు ఒక స్తంభం మీద నాలుగు పక్కలా అక్షరాలుండేవి. పైన సూర్యుడు, చంద్రుడు, మధ్యలో చిన్న లింగం, దాని ఎదురుగా నంది. కింద ఒత్తుగా, గుండ్రంగా రాత. "స్వస్తిశ్రీ" వరకు కూడబలుక్కుని చదివేవాళ్లం, ఆ తర్వాత ఎవరికీ కొరుకుడు పడేది కాదు. జీర్ణోద్ధరణ అప్పుడు ఇసుకను గాలితో కొట్టే మెషిన్ తెచ్చి, స్తంభాలన్నీ తెల్లగా అయ్యేదాకా కొట్టారు. రాతి మీది నలుపుతో పాటే అక్షరాల అంచులూ పోయాయి. మిగిలిన గుంతల్లో లప్పం పెట్టి, పైన బంగారు రంగు ఎనామిల్ వేశారు. ఇప్పుడా స్తంభం నున్నగా, ఫంక్షన్ హాల్లో స్తంభంలాగా మెరుస్తోంది. చేయించినవాళ్లు మంచివాళ్లే, భక్తితోనే చేశారు. పొలం అమ్మిన డబ్బులోంచి తీసి ఇచ్చినాయన కూడా ఉన్నాడు. కానీ దానిమీద ఏం రాసుందో ఇక తెలుసుకునే దారి లేదు, ఎందుకంటే అంతకుముందు ఒక్కరూ సరైన ఫోటో కూడా తీసి పెట్టుకోలేదు. నాకు దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

"ఏముంటుందిలే, ఏ రాజు ఎవరికి ఎంత భూమి ఇచ్చాడో రాసుంటుంది, అంతేగా" అని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. చాలా శాసనాల్లో ఉండేది అదే, ఒప్పుకుంటాను. అయితే ఊరి చరిత్ర ఉండేది కూడా ఆ భూమి లెక్కలోనే కదా. ఇచ్చిన చేను ఏ చెరువు కింద ఉంది, దానికి తూర్పున ఏ పుట్ట, పడమర ఏ వాగు, అప్పుడు ఊరిని ఏ పేరుతో పిలిచేవాళ్లు, గానుగలవాళ్ల మీద పన్ను ఎంత, గుళ్లో దీపం ఆరిపోకుండా నెయ్యి పొయ్యడానికి ఎవరికి ఎన్ని ఆవుల్నో గొర్రెల్నో అప్పజెప్పారు, ఇవన్నీ అక్కడే ఉంటాయి. రాజుల కథలు చెప్పే పుస్తకాలు బోలెడు. మీ ఊరి వాగు పేరు, మీ ఊరి చెరువు తవ్వించినవాళ్ల పేరు మాత్రం మీ గుడి రాతిమీద తప్ప ఇంకెక్కడా దొరక్కపోవచ్చు.

మోటుపల్లి సంగతే తీసుకోండి. చినగంజాం మండలంలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు, దారి తెలిసినవాళ్లు తప్ప వెళ్లనంత చిన్నది. అక్కడి వీరభద్రస్వామి గుళ్లో ఒక స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 - 45 నాటిది. అందులో ఉన్నదేమిటంటే: వెనకటి రాజులు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల్లోని సరుకంతా, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏవి ఉంటే అవి, లాగేసుకునేవాళ్లు, ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని మహాసముద్రం మీద సాహసం చేసి వచ్చేవాళ్ల మీద మేం దయతో అలా చెయ్యం, మామూలుగా రావలసిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం, అని. ఆ సుంకం ఎంతో కూడా చెక్కించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పట్టు, మిరియాలు, ఏ సరుక్కి ఎంతో వేరువేరుగా ధరల పట్టీ లాంటిది కూడా ఉంది అందులో. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఒక తెలుగు రేవులో ఓడ దిగిన పరాయి వర్తకుడు చదవడానికో, చదివించుకోవడానికో పెట్టిన బోర్డు అది. ఇటలీ నుంచి వచ్చిన మార్కో పోలో తన యాత్రల్లో రాసిన 'ముట్‌ఫిలి' ఈ ఊరే. ఆ తర్వాత కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో అదే ఊళ్లో మళ్లీ వర్తకులకు భరోసా ఇస్తూ శాసనం వేయించాడు. రేవు పోయింది, ఓడలు పోయాయి, కాకతీయులూ రెడ్డిరాజులూ పోయారు. అది రేవుగా ఉండేదని ఇంత వివరంగా చెప్పడానికి మిగిలింది గుళ్లో రాళ్లు. వాటిమీద ఎవరైనా ఆ మెషిన్ ఆడించి ఉంటే?

ఇంకో ఊరు, పిల్లలమర్రి. సూర్యాపేట పక్కనే, హైదరాబాద్ - విజయవాడ హైవే మీద వెళ్లేవాళ్లు రోజూ దాటిపోయే ఊరు. అక్కడ రేచర్ల రెడ్ల కాలం నాటి గుళ్లున్నాయి. ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది ఎరకసాని అనే ఆవిడ, బేతిరెడ్డి భార్య. తన పేరు మీదే దేవుణ్ణి నిలబెట్టుకుంది. మన చరిత్రలో ఆడవాళ్ల పేర్లు ఎన్ని మిగిలాయో మీకు తెలుసు, రుద్రమదేవిని పక్కన పెడితే టక్కున నాలుగు పేర్లు చెప్పడానికి తడుముకుంటాం. పెద్ద పట్టణం కాని ఒక ఊళ్లో, ఒక సామంతుడి ఇంటి ఇల్లాలు ఫలానా ఏడాది ఈ గుడి కట్టించిందని మనం పేరుతో సహా చెప్పుకోగలుగుతున్నామంటే ఆ రాతి పుణ్యమే. రామప్ప గుడి కట్టించింది రేచర్ల రుద్రుడని, అది 1213 అని తెలిసింది కూడా పాలంపేటలో నిలబెట్టిన శాసనం వల్లే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని పండగ చేసుకున్నాం కదా, ఆ ఊరి పేరు పాలంపేట అని మనలో ఎంతమందికి గుర్తుందో!

కలమళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నకలు విలువ ఏమిటో ఆ ఊరే చెప్తుంది. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలో ఉందిది, పక్కనే థర్మల్ పవర్ స్టేషన్. అక్కడి చెన్నకేశవస్వామి, సిద్ధేశ్వరస్వామి గుడి ఆవరణలోని రాయి మీద రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడి శాసనం ఉంది, 575 ప్రాంతం నాటిది. మనకు దొరికినంతలో తెలుగులో రాసిన మొట్టమొదటి శాసనంగా పండితులు చెప్పేది దీన్నే. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా ఇచ్చినప్పుడు మన తరఫున చూపించుకున్న ఆధారాల్లో ఇదీ ఉంది. ఆ రాయి మద్రాసు మ్యూజియంలో ఎక్కడో పోయిందని చాలాకాలం చెప్పుకున్నారు, తీరా చూస్తే ఊళ్లోనే ఉంది. రాయి అరిగిపోయింది, కొన్ని అక్షరాలు లేవు. అయినా మనం దాన్ని చదువుకోగలుగుతున్నామంటే 1904లో ఎవరో ఎండలో కూర్చుని దాని అచ్చు తీసి పెట్టారు కాబట్టి. రాయి ఊళ్లోనే ఉండాలి, కానీ దాని నకలు ఇంకోచోట భద్రంగా ఉండాలి. రెండూ కావాలి.

ఇక గుప్తనిధుల పిచ్చి. దీని గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. రాతిమీద సూర్యుడు, చంద్రుడు, ఆవు బొమ్మ కనిపిస్తే చాలు కింద నిధి ఉందని గునపాలు తెచ్చేవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. అర్ధరాత్రి నందులు పగలగొట్టారని, వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టిన రాయి, పెకిలించారని పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ సూర్యచంద్రుల అర్థం చాలా మామూలుది. సూర్యుడూ చంద్రుడూ ఉన్నంతకాలం ఈ దానం నిలవాలి అని. చివర్లో ఉండేది కూడా నిధికి దారి చూపించే గుర్తేం కాదు. "స్వదత్తాం పరదత్తాం వా" అనే శ్లోకం, వందల శాసనాల్లో ఇదే కనిపిస్తుంది. తాను ఇచ్చిందైనా, ఇంకొకరు ఇచ్చిందైనా, దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని దాని భావం. శాసనాన్ని చదివించి, అందులో ఏముందో వాడుక తెలుగులో ఒక బోర్డు మీద రాసి పక్కన పెట్టేస్తే ఈ తవ్వకాలు చాలావరకు ఆగుతాయని నా నమ్మకం. ఏముందో తెలియనంతకాలమే దాని చుట్టూ పుకార్లు పుడతాయి.

ఊరి చరిత్ర రాళ్లమీదే కాదు, కాగితాల మీద కూడా ఉంది, ఆ సంగతి మన ఊళ్లలో చాలామందికి తెలియదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన మనవాళ్లు ఊరూరా తిరిగి కరణాల దగ్గర కూర్చుని, వాళ్ల దండకవిలెలు, అంటే ఊరి పాత లెక్కల కట్టలు చూసి, ఊరి కథలు రాసుకున్నారు. వాటినే కైఫీయతులు అంటాం. పేరు మెకంజీది గానీ ఆయనకు మన భాషలు రావు, పని నడిపించింది కావలి వెంకట బొర్రయ్య. 1803లో ఆయన చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. ఆ తర్వాత సి.పి. బ్రౌన్ చాలావాటికి శుద్ధప్రతులు రాయించాడు. ఊరు ఎవరు కట్టారు, గుడి ఎవరిది, ఏ కరువులో ఊరు పాడుపడింది, మళ్లీ ఎవరు వచ్చి నిలబెట్టారు, చెరువు కట్ట ఎప్పుడు తెగింది, ఇలాంటివి ఉంటాయి వాటిల్లో. కొంత పుక్కిటి పురాణం, కొంత గట్టి చరిత్ర. గుంటూరు, కడప ప్రాంతాల కైఫీయతులు పుస్తకాలుగా వచ్చాయి కూడా. మీ ఊరిది ఉందేమో వెతికించండి. బళ్లో సోషల్ చెప్పే టీచర్‌కు చెప్తే పిల్లల చేత ఆనందంగా చేయిస్తారు.

ఇప్పుడు అసలు పని దగ్గరికి వస్తాను, రంగులూ సిమెంటూ.

సున్నం గురించి నాకు పేచీ లేదు. తరతరాలుగా పండక్కి పండక్కీ వేసిన సున్నం పొరలు చాలా చోట్ల అక్షరాలను కాపాడాయి, ఓపికగా తడిపి మెత్తగా తీస్తే లోపల రాత చెక్కు చెదరకుండా బయటపడుతుంది. ఎనామిల్ పెయింట్ అలా కాదు. రాయి లోపల తేమ ఉంటుంది, అది బయటికి రావాలి. పైన ప్లాస్టిక్ పొరలా రంగు బిగిసిపోతే లోపలి తేమా ఉప్పూ బయటపడే దారి లేక రాతి పైపొరనే పెచ్చులుగా ఊడగొడతాయి. కొన్నేళ్లకు రంగు లేచిపోయి దాంతో పాటే అక్షరమూ రాలిపోతుంది. ఇసుక మెషిన్ అయితే అన్నేళ్లు కూడా ఆగదు, ఒక్క పూటలో తేల్చేస్తుంది. నల్లబడిన రాతిని మంచినీళ్లతో, మెత్తటి కుచ్చు బ్రష్‌తో కడిగినా సగం మురికి పోతుంది. యాసిడ్, వైర్ బ్రష్ ముట్టుకోనివ్వకండి. నూనె జిడ్డు మొండిగా ఉంటే తెలిసినవాళ్లను అడిగాకే ముందుకు వెళ్లండి.

పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి చేసిన మసాలా అది. దానిమీద సిమెంటు పూస్తే రెండూ కలిసి బతకవు. సిమెంటు గట్టిగా బిగుసుకుంటుంది, లోపలి గోడ తేమ పట్టి గుల్లవుతుంది. "ఇప్పుడు సున్నం పని వచ్చినవాళ్లెక్కడున్నారు" అని మేస్త్రీలు అంటారు, నిజమే, తక్కువమంది ఉన్నారు, కానీ ఉన్నారు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను ఆ కుటుంబంవాళ్లే పూనుకుని పాత పద్ధతిలో బాగు చేయించుకుంటే 2022లో యునెస్కో ఆసియా - పసిఫిక్ అవార్డు వచ్చింది. అదే ఏడాది గోల్కొండ కుతుబ్ షాహీ సమాధుల దగ్గరి మెట్లబావులకూ వచ్చింది. అవి పెద్ద పనులు, పెద్ద డబ్బు, ఊరి కమిటీకి అంత సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. కనీసం ఉన్నదాన్ని కప్పెట్టకుండా ఉండడానికి డబ్బు అక్కర్లేదు. గ్రానైట్ టైల్స్ పరిచేటప్పుడు కింద రాసిన బండ ఉందేమో చూసుకోవడానికీ డబ్బు అక్కర్లేదు.

మీకో భయం ఉందని నాకు తెలుసు, ఎక్కడ మాట్లాడినా ఇదే వస్తుంది. "శాసనం ఉందని తెలిస్తే పురావస్తు శాఖవాళ్లు వచ్చి గుడి తీసేసుకుంటారు, పూజలు ఆపేస్తారు, చుట్టుపక్కల ఇల్లు కట్టుకోనివ్వరు." ఇందులో కొంత నిజం ఉంది కాబట్టి దాటేయను. కేంద్రం రక్షిత కట్టడంగా నోటిఫై చేసినవాటి చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కుదరవు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి, 2010లో చట్టానికి చేసిన సవరణ ఇది. పొలాలూ ఇళ్లూ ఉన్నవాళ్లకు టెన్షన్ ఉండడం సహజం. కానీ శాసనం ఉందని చెప్పినంత మాత్రాన, దాని అచ్చు తీయించినంత మాత్రాన గుడి రక్షిత కట్టడం అయిపోదు. దానికి గెజిట్ నోటిఫికేషన్ అని వేరే తతంగం ఉంది. ఇక పూజల మాటంటారా, ద్రాక్షారామం, శ్రీముఖలింగం, రామప్ప, మూడూ కేంద్ర పురావస్తు శాఖ కిందే ఉన్నాయి, మూడింటిలోనూ అభిషేకాలు జరుగుతూనే ఉన్నాయి. మీ గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే మాత్రం ఎలాగూ పనికి ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి, ఆ కాగితంలోనే శాసనం సంగతి కూడా రాయించండి.

చెయ్యాల్సిన పని ఇలా ఉంటుంది. ముందు వెతకండి. శాసనాలు స్తంభాల మీదే ఉంటాయనుకోకండి. గడప కింద, ద్వారబంధం లోపలి వైపు, ధ్వజస్తంభం పీట మీద, తూము రాతి మీద, చెరువు కట్ట కింద, ఒక్కోసారి బట్టలుతికే బండ అడుగున కూడా ఉంటాయి. చీకటి పడ్డాక టార్చి లైటు తీసుకుని, రాతికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, గోడకు ఆనించినట్టు పట్టి చూడండి. మిట్టమధ్యాహ్నం ఏమీ లేదనిపించిన చోట ఒక్కో గీతకూ నీడ పడి వరుసలు వరుసలుగా అక్షరాలు లేస్తాయి. అలాగే ఫోన్లో ఫోటోలు తీయండి, ముందు మొత్తం రాయి, తర్వాత పైనుంచి కిందికి ముక్కలు ముక్కలుగా, ఒకదానిమీద ఒకటి కొంచెం కలిసేట్టు. బాగా కనిపించాలని సుద్ద, బొగ్గు, ముగ్గుపిండి, నూనె రుద్దకండి. అలా రుద్దినప్పుడు మనకు తోచిన చోట గీత పడుతుంది, రేపు చదివేవాడు దాన్నే అక్షరం అనుకుంటాడు.

ఆ ఫోటోలతో, ఊరి పేరూ మండలమూ రాసి, మైసూరులో ఉన్న భారత పురావస్తు సర్వే శాసన విభాగానికి గానీ, మీ రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ, దగ్గర్లోని యూనివర్సిటీ చరిత్ర శాఖకు గానీ పంపండి. 1887 నుంచి శాసనాల వార్షిక నివేదికలు వస్తున్నాయి, దక్షిణ భారత శాసన సంపుటాల్లో 10వది అంతా తెలుగు శాసనాలే, కాబట్టి మీ ఊరిది వందేళ్ల కిందటే ఎవరో చదివి ఉండొచ్చు. అలా అయితే మీ పని సగం తీరినట్టే. లేకపోతే మనిషి వచ్చి అచ్చు తీస్తాడు. అది చూడాల్సిన పని. రాతిని శుభ్రంగా కడిగి, తడిపిన గట్టి కాగితం దానిమీద పరిచి, బ్రష్‌తో టపటపా కొట్టుకుంటూ పోతారు, కాగితం ప్రతి అక్షరం గుంతలోకీ దిగుతుంది. తర్వాత సిరా అద్దిన గుడ్డ ఉండతో పైన మెల్లగా తడతారు. కాగితమంతా నల్లగా, అక్షరాలు తెల్లగా వచ్చేస్తాయి. రాతికి ఏమీ కాదు. పిల్లల్ని పిలిచి చూపించండి ఆ రోజు.

చందాలు పంపే అన్నలకూ అక్కలకూ ప్రత్యేకంగా ఒక మాట. ఊళ్లో మీ మాటకు విలువ ఉంది, డబ్బుతో పాటు ఒక షరతు కూడా పంపండి. గోపురానికి రంగులేసుకోండి, కొత్త కల్యాణమండపం కట్టుకోండి, మీ పేరు గ్రానైట్ పలక మీద చెక్కించుకోండి, కాదనను. పాత రాతిమీద ఇసుక మెషిన్ పెట్టం, ఎనామిల్ వేయం, రాత ఉన్న చోట లప్పం పూయం అని కమిటీ తీర్మానంలో రాసి సంతకాలు పెట్టాకే మొదటి విడత డబ్బు పంపండి.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరైనా సరే, గుడి పని మొదలుపెట్టే ముందు ఫోటోలు తీయడానికి మనిషి కావాలంటే చెప్పండి. టార్చి, కెమెరా నావే, బస్సు చార్జీలు నేనే పెట్టుకుంటాను. మీరు గుడి తాళం తీయించి, కరెంటు సంగతి చూసి, ఊళ్లో పాత సంగతులు తెలిసిన ఒక పెద్దమనిషిని పక్కన కూర్చోబెడితే చాలు.

ఇట్లు
పల్నాటి నుంచి ఒక ఊరివాడు